పులసకు ట్యాగు కట్టే చేతులు

వానాకాలంలో ఖరగ్‌పూర్ గోలేబజారులో ఇలిష్ కొనబోతే ముందు అది ఏ నీళ్ళదో చెబుతారు, ఆ తర్వాతే ధర. కోలాఘాట్‌ది అంటే బేరం బిగుసుకుంటుంది. రైల్వే కొలువుల కోసం తరాల క్రితం వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగువాళ్ళు అదే చేపను పులస అంటారు, గోదావరి దానితో పోల్చి పెదవి విరుస్తారు. శాస్త్రానికి మాత్రం రెండూ ఒకే జాతి, టెన్యువలోసా ఇలీషా. సముద్రంలో పెరుగుతుంది, గుడ్లు పెట్టడానికి ఏరెక్కుతుంది.

ఆ ఎక్కే దారే ఇప్పుడు చిక్కుల్లో ఉంది. ఒకప్పుడు గంగలో అలహాబాదు దాకా వెళ్ళిన ఈ చేపకు 1975లో ఫరక్కా బ్యారేజీ అడ్డం వచ్చింది. గోదావరిలో ధవళేశ్వరం ఆనకట్ట ఇంకా పాతది, 1852 నాటికే పూర్తయింది. బారక్‌పూర్‌లోని కేంద్ర లోతట్టు మత్స్య పరిశోధన సంస్థ ఫరక్కాకు ఎగువన ఇలిష్‌లను వదులుతోంది, కొన్నిటికి ట్యాగులూ కట్టింది. నంబరు వేసిన మామూలు ట్యాగు చెప్పేవి రెండే సంగతులు: ఎక్కడ వదిలారు, ఎక్కడ దొరికింది. మధ్యలో చేప ఎక్కడ ఆగింది, ఏ పోటుకు కదిలింది, ఎక్కడ వెనక్కి తిరిగింది అన్నది తెలియాలంటే ట్యాగు పంపే సంకేతాన్ని దూరం నుంచి పట్టుకునే టెలిమెట్రీ కావాలి. అమెరికాలో పార్కర్ ట్రెఫెథెన్ అనే శాస్త్రవేత్త సాల్మన్ చేపలకు శబ్దం చేసే ట్యాగులు కట్టి వెంబడించిన పద్ధతిని 1956లో ప్రచురించాడు. అక్కడి నుంచి ఈ విద్య పెరిగింది.

కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నదిలో ఈ పని చేయాలనుకుందాం. రేడియో ట్యాగు ఇక్కడ అక్కరకు రాదు. లోతు తక్కువ ఉన్న మంచినీళ్ళలో బాగానే పనిచేస్తుంది గానీ, ఉప్పునీళ్ళు రేడియో తరంగాన్ని మింగేస్తాయి. పోటూ పాటూ ఉన్న ఏటిలో, అందులోనూ సముద్రానికీ ఏటికీ మధ్య తిరిగే చేపకు, శబ్దం పంపే ట్రాన్స్‌మిటరే గతి. ఎక్కువగా వాడేది 69 కిలోహెర్ట్జ్ శబ్దం. మన చెవికి వినబడదు. నీళ్ళలో దించిన రిసీవరు దాన్ని విని, ఏ నంబరు చేప ఎన్ని గంటలకు దగ్గరికి వచ్చిందో రాసుకుంటుంది.

పరికరం కొనుక్కోవచ్చు. అసలు కష్టం చేప దగ్గర మొదలవుతుంది. పులస పొలుసు ముట్టుకుంటే రాలిపోతుంది, నీళ్ళలోంచి తీస్తే నిమిషాల్లో ప్రాణం పోతుంది. అందుకే పొడి చేతులతో పట్టకూడదు, ముడి వేసి అల్లిన వల వాడకూడదు, చేపను గాలిలోకి ఎత్తకుండా నీళ్ళున్న తొట్టెలోనే తూచి కొలవాలి. ఎండ నడినెత్తికి రాకముందే పని ముగించాలి, ఎందుకంటే నీళ్ళు వేడెక్కే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, చేపకు కావలసింది మాత్రం పెరుగుతుంది.

ట్యాగు బరువుకు ఒక పాత లెక్క ఉంది: గాలిలో తూచిన ట్యాగు చేప బరువులో 2 శాతం మించకూడదు. 600 గ్రాముల పులసకు 12 గ్రాములన్నమాట. నాలుగైదు గ్రాముల ట్రాన్స్‌మిటర్లు దొరుకుతున్నాయి కాబట్టి ఈ గీటు దాటాల్సిన పని లేదు. 1999లో రెయిన్‌బో ట్రౌట్ పిల్లలకు 6 నుంచి 12 శాతం బరువున్న ట్యాగులు పెట్టి చూస్తే ఈతలో తేడా రాలేదని తేలింది. అలాగని ఆ ధైర్యం పులస మీద చేయడం నాకు నచ్చదు. ట్రౌట్ మొండి ఘటం, ఇది కాదు.

ట్యాగు ఎక్కడ పెట్టాలి? చాలా చేపలకు పొట్ట కోసి లోపల పెట్టి కుట్టేస్తారు. పరికరాలు శుభ్రంగా ఉండాలి, గాటు చిన్నది కావాలి, కోస్తున్నంతసేపూ మొప్పల మీదుగా నీళ్ళు పారుతూ ఉండాలి. కుట్టే చేయి కొత్తదైతే ముందు చచ్చిన చేపల మీద అలవాటు చేసుకోవాలి. పులసకు మాత్రం పొట్ట అంచున రంపం పళ్ళలాంటి గట్టి పొలుసుల వరుస ఉంది. పైగా ఏరెక్కే ఆడచేప కడుపు నిండా గుడ్లే. మరో దారి ఉంది: నోటి గుండా ట్యాగును కడుపులోకి జార్చడం. పులసకు దగ్గరి చుట్టమైన అమెరికన్ షాడ్‌కు చేసేది ఇదే. ఏరెక్కే రోజుల్లో పులస తిండి బాగా తగ్గిస్తుంది కాబట్టి ఈ దారే మేలనిపిస్తుంది.

ఇక మత్తు. ఎమ్మెస్-222 అనే మందు వాడిన చేపను 21 రోజులదాకా తినకూడదని అమెరికా నియమం. ఇక్కడ వదిలిన పులస సాయంత్రానికే వలలో పడి, మర్నాడు ఎవరి పులుసులోనో తేలవచ్చు. ఈ బెడద ప్రయోగశాల పుస్తకాల్లో అంతగా కనబడదు గానీ బెంగాల్‌లో అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. మందు లేకుండా, క్షణాల్లో నోటి ద్వారా ట్యాగు జార్చి వదిలేయడానికి ఇది ఇంకో కారణం.

వదిలిన తర్వాతా పేచీలున్నాయి. ట్యాగు పెట్టిన షాడ్ చేపలు చాలాసార్లు ఎగువకు పోవడం మాని, బెదిరి, దిగువకు జారుకుంటాయి. అది చేప సొంత నిర్ణయమా, మన చేతి బెదురా? అందుకే మొదటి కొద్ది రోజుల లెక్కను విడిగా ఉంచి, ఆ తర్వాతి కదలికలనే నమ్ముతారు. మరో వింత: బూడిదరంగు సీల్ జంతువులు ట్యాగు శబ్దం విని చేప ఉన్న చోటు పసిగట్టగలవని 2015లో బయటపడింది. మన దగ్గర సీళ్ళు లేవు, గంగా డాల్ఫిన్లున్నాయి. అవి వేటకు చేసే శబ్దాలూ దాదాపు ఆ స్థాయివే. డాల్ఫిన్ మింగిన పులస ట్యాగు దాని కడుపులోంచి కూస్తూనే ఉంటుంది. రిసీవరు మాత్రం చేప హాయిగా తిరుగుతోందని రాసుకుంటుంది. కదలిక తీరు ఉన్నట్టుండి మారితే అనుమానించాలి.

రిసీవర్లను జంటగా, ఒకటి ఎగువ, ఒకటి దిగువ పెడితేనే చేప ఎటు వెళ్ళిందో తెలుస్తుంది. బురదనీళ్ళు, పడవ ఇంజన్ల రొద వినికిడిని కుదిస్తాయి కాబట్టి పోటులోనూ పాటులోనూ రిసీవరు ఎంత దూరం వింటుందో ముందే కొలిచి పెట్టుకోవాలి.

కడుపులోని ట్రాన్స్‌మిటర్ బయటికి కనబడదు గనుక వీపు రెక్క మొదట్లో రంగు ట్యాగు ఒకటి గుచ్చుతారు, దానిమీద నంబరు, చిరునామా ఉంటాయి. తెచ్చిచ్చిన జాలరికి బహుమతి ఇవ్వడం ప్రపంచమంతా ఉన్న ఆనవాయితీ. ఆ చిరునామా బెంగాలీలో ఉండాలి. బహుమతి సంగతి జాలర్లతోపాటు దిఘా మోహనా వేలంపాట దళారులకూ, గోలేబజారు దుకాణాలకూ చెప్పాలి, ఎందుకంటే లోపలి ట్రాన్స్‌మిటర్ చాలాసార్లు కంటబడేది చేపను కత్తిపీట మీద కోసేవాళ్ళకే.