నిలకడే మరుగున పడేసిందా?

ఒలింపిక్స్‌లో రెండు గోల్స్ కొట్టినా సొంతగడ్డపై వినిపించని అమ్ముగూడ బలరాం పేరు

ఫుట్‌బాల్‌లో గోల్ కొట్టినవాడి పేరు ఊరంతా మారుమోగుతుంది. ఆ బంతిని గీత వెంట తీసుకొచ్చి, ఇద్దరిని తప్పించి, అతడి కాలి ముందు పెట్టినవాడి పేరు మైదానం దాటి బయటకు రాదు. ప్రతి మ్యాచ్‌లోనూ ఆ పనిని తప్పకుండా చేసే కుర్రాడి పరిస్థితి మరీ విచిత్రం. బాగా ఆడితే ‘అది మామూలే’ అంటారు. ఒక్కరోజు తడబడితే ‘ఆట పోయింది’ అంటారు. సికింద్రాబాద్ శివారు అమ్ముగూడలో 1936లో జన్మించిన తులసీదాస్ బలరాం క్రీడాజీవితమే ఇందుకు నిదర్శనం. భారత ఫుట్‌బాల్ స్వర్ణయుగపు ముగ్గురు మేటి ఫార్వర్డ్‌లలో ఆయన ఒకరు. మిగిలిన ఇద్దరి కన్నా ఆయన గురించి తెలిసినవారు తక్కువ.

వింగర్ చేసే పని ఏమిటి?

మైదానం రెండు అంచుల వెంట దాడి చేసే ఆటగాళ్లను వింగర్లు అంటారు. వింగర్ గీతను ఆనుకుని నిలబడితే ప్రత్యర్థి డిఫెండర్ ఒకరు తప్పనిసరిగా అతడి వద్దకు రావాల్సి ఉంటుంది. దాంతో నడుమ ఖాళీ ఏర్పడుతుంది. సహచర ఫార్వర్డ్ ఆ ఖాళీలోకి చొచ్చుకుపోయి గోల్ చేస్తాడు. ఇందులో వింగర్ బంతిని తాకకపోవచ్చు కూడా. చప్పట్లన్నీ గోల్ చేసినవాడికే దక్కుతాయి.

డిఫెండర్‌ను దాటుకుని గోల్ ముందుకు క్రాస్ పంపడం అతడి రెండో బాధ్యత. చాలా క్రాస్‌లు ప్రత్యర్థుల తలకో కాలికో తగిలి వెనక్కి వస్తాయి. ప్రేక్షకులకు గుర్తుండేవి అవే. బంతి చేజారినప్పుడు వెనక్కి పరుగెత్తి తన అంచును కాపాడుకోవడం మూడో బాధ్యత. దీన్ని గమనించేది శిక్షకుడొక్కడే.

నిలకడకు విలువ ఎందుకు తగ్గుతుంది?

అభిమానులకు గుర్తుండేవి మెరుపులు, ఘోర వైఫల్యాలు మాత్రమే. ఒక మ్యాచ్‌లో మూడు గోల్స్ కొట్టి, తర్వాత నాలుగింటిలో కనిపించకుండా పోయిన ఆటగాడి గురించి నెలల తరబడి చెప్పుకొంటారు. అన్నింటిలోనూ ఒకే స్థాయిలో ఆడినవాడి గురించి చెప్పుకోవడానికి ప్రత్యేకంగా ఒక కథ దొరకదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

మరో కారణమూ ఉంది. నమ్మకమైన ఆటగాడిని జట్టు అవసరాన్ని బట్టి శిక్షకులు స్థానాలు మారుస్తుంటారు. బలరాం ఒకసారి మధ్యలో, మరోసారి ఎడమ అంచున ఆడారు. ఎక్కడ పెట్టినా ఆడగలగడం అరుదైన ప్రతిభ. అయితే, అలాంటి వారికి ‘ఫలానా స్థానంలో ఈయనే మేటి’ అన్న ముద్ర పడదు.

రోమ్ నుంచి జకార్తా వరకు

హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు ప్రాణం పోసిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం చేతుల్లో బలరాం రాటుదేలారు. 20 ఏళ్ల ప్రాయంలోనే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ జట్టుకు ఎంపికయ్యారు. ఆ పోటీల్లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. 1957లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో చేరారు. 1961లో ఆ జట్టుకు సారథ్యం వహించారు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ మూడు మ్యాచ్‌లు ఆడి మూడు గోల్స్ చేసింది. వాటిలో రెండు బలరాంవే. హంగేరీ చేతిలో 1-2తో, పెరూ చేతిలో 1-3తో ఓడిన మ్యాచ్‌లలో ఆయన చెరో గోల్ చేశారు. హంగేరీ ఆ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టు. అయినా రోమ్ అనగానే అభిమానులు తలచుకునేది ఫ్రాన్స్‌తో 1-1 డ్రా అయిన మ్యాచ్‌లో కెప్టెన్ పీకే బెనర్జీ కొట్టిన గోల్‌నే. ఓడిన మ్యాచ్‌లలోని గోల్స్ అభిమానుల జ్ఞాపకాల్లో నిలవలేదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ స్వర్ణం సాధించింది. థాయ్‌లాండ్, జపాన్‌లపై బలరాం గోల్స్ సాధించారు. దక్షిణ కొరియాతో సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో ఆయన ఎడమ అంచున ఆడారు. 2-1తో గెలిచిన ఆ మ్యాచ్‌లో గోల్స్ చేసినవారు పీకే, జర్నైల్ సింగ్. రికార్డుల్లో ఆ రెండు పేర్లే నిలిచాయి. గోల్‌కు దారితీసిన పాస్‌లను లెక్కగట్టే అలవాటు ఆనాడు లేదు.

ముగ్గురిలో ఒక్కరికే వెలితి

చునీ గోస్వామి, పీకే, బలరాం ముగ్గురినీ కలిపి త్రిమూర్తులుగా పిలిచేవారు. అర్జున పురస్కారం ముగ్గురికీ లభించింది. పీకేకు 1961లో, బలరాంకు 1962లో, చునీకి 1963లో ప్రకటించారు. పద్మశ్రీ మాత్రం చునీకి 1983లో, పీకేకు 1990లో దక్కగా, బలరాంకు దక్కనేలేదు.

పీకే కూడా వింగరే కదా, ఆయనకు గుర్తింపు ఎలా వచ్చిందన్న ప్రశ్న సహజం. పీకే రోమ్‌లో కెప్టెన్. ఆట ముగించాక ప్రముఖ శిక్షకుడిగా దశాబ్దాల పాటు ప్రజల కళ్లెదుట ఉన్నారు. చునీ స్వర్ణం గెలిచిన జట్టుకు నాయకుడు. బలరాం విషయంలో అలా జరగలేదు. ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా 1963లో 26-27 ఏళ్ల ప్రాయంలోనే ఆటకు వీడ్కోలు పలకాల్సి వచ్చింది. ఆయన ఆటను చూసినవారు క్రమంగా తగ్గిపోయారు.  2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో ఆయన కోల్‌కతాలో కన్నుమూశారు.

మన మైదానాల్లోనూ అంతే

గ్రామీణ టోర్నమెంట్లలో ఉత్తమ ఆటగాడి బహుమతి ఎక్కువగా గోల్స్ లెక్కనే నిర్ణయిస్తుంటారు. జిల్లా జట్టు ఎంపికల్లోనూ ఒకటి రెండు మ్యాచ్‌లు చూసి పేర్లు రాసుకోవడం పరిపాటి. అంచున ఆడే కుర్రాడికి అక్కడే నష్టం జరుగుతుంది. అతడి విలువ ఒక్కరోజులో తెలిసేది కాదు. వరుసగా అయిదారు మ్యాచ్‌లు చూడాలి. అతడు ఎందరు డిఫెండర్లను తనవైపు లాగుతున్నాడు, బంతి పోయాక వెనక్కి వస్తున్నాడా, చివరి పది నిమిషాల్లో మొదటి పది నిమిషాల వేగం ఉందా అన్నవి రాసుకోవాలి. అతడు లేని రోజు జట్టు ఎలా ఆడిందో చూస్తే అసలు సంగతి ఇట్టే తెలిసిపోతుంది. ఇందుకు ఖర్చేమీ లేదు, ఒక నోటు పుస్తకం చాలు. ఎంపిక చేసేవారు ఆ మాత్రం శ్రద్ధ పెడితే, గోల్స్ పట్టికలో పేరు లేదన్న కారణంతో మంచి వింగర్లు ఇంటిదారి పట్టే పరిస్థితి తప్పుతుంది.