24వ బిట్

ప్రాసెసర్‌లోనో, మెమరీలోనో తలెత్తిన హార్డ్‌వేర్ లోపాన్ని ప్రాసెసరే పట్టుకుని ఆపరేటింగ్ సిస్టమ్‌కు తెలిపే ఏర్పాటును మెషిన్ చెక్ అంటారు. విశ్వకిరణాల వల్ల పుట్టిన ఒక న్యూట్రాన్ తగిలినా చాలు, మెమరీలో 0 కాస్తా 1 అయిపోవచ్చు. అందుకే సర్వర్ మెమరీలో సాధారణంగా ప్రతి 64 బిట్లకూ 8 తనిఖీ బిట్లు తోడుంటాయి. ఒక బిట్ తప్పితే అవి సరిదిద్దుతాయి. రెండు తప్పితే పసిగట్టి ఊరుకుంటాయి. ఈ పద్ధతికి మూలం బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ 1950లో ప్రకటించిన కోడ్.

సరిదిద్దలేని తప్పు ఎదురైనప్పుడు యంత్రం మొత్తం ఆగాలా, ఒక్క ప్రోగ్రామ్ ఆగితే సరిపోతుందా అన్నది ప్రాసెసర్ సామర్థ్యాన్ని బట్టి ఉంటుంది. లోపం వచ్చాక విచారించే వ్యవధి ఉండదు కనుక ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నెల్ ఆ సంగతి బూట్ అయ్యేటప్పుడే కనుక్కుంటుంది. ఇంటెల్ ప్రాసెసర్లలో ముందుగా, ప్రాసెసర్ సామర్థ్యాలను తెలిపే సీపీయూఐడీ ఆదేశంతో 7, 14 బిట్లు చూస్తుంది. మొదటిది మెషిన్ చెక్ ఉందని, రెండోది లోపాలను నమోదు చేసే బ్యాంకులు ఉన్నాయని చెబుతాయి. తరువాత హెక్స్ 179 సంఖ్య గల రిజిస్టర్‌ను చదువుతుంది. అందులో చివరి 8 బిట్లు బ్యాంకుల సంఖ్య. 24వ బిట్ 1 అయితే సాఫ్ట్‌వేర్ సాయంతో కోలుకునే వీలుందని అర్థం. లినక్స్ కెర్నెల్ దాన్ని అప్పుడే గుర్తుపెట్టుకుంటుంది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. ప్రతి బ్యాంకుకూ ఒక స్థితి రిజిస్టర్ ఉంటుంది. అందులో 61వ బిట్ తప్పు సరిదిద్దలేనిదని, 57వ బిట్ ప్రాసెసర్ స్థితే చెడిపోయిందని చెబుతాయి. 57 వెలిగితే యంత్రాన్ని ఆపడమే మార్గం. వెలగకపోతే 55, 56 బిట్లు చూడాలి. కెర్నెల్ వెంటనే పూనుకోవాలా, తరువాత చూసుకోవచ్చా అన్నది అవి తేలుస్తాయి. అయితే 24వ బిట్ 1 కాని చిప్‌లో ఆ రెండు స్థానాలకూ ఈ అర్థం లేదు. సామర్థ్యం తెలుసుకోకుండా వాటిని నమ్మితే, పాడైన సమాచారంతోనే యంత్రం నడుస్తూ పోవచ్చు.

కోలుకునే వీలుంటే కెర్నెల్ లోపం ఉన్న చిరునామాను బట్టి మెమరీ పేజీని గుర్తించి, బూజుపట్టిన బస్తాను గోదాములో పక్కకు నెట్టినట్టు వాడకం నుంచి తప్పిస్తుంది. ఆ పేజీ డిస్కులోని ఫైలుకు మార్పులేని నకలైతే దాన్ని వదిలేసి మళ్లీ చదువుకుంటే సరి. మార్పులు జరిగిన పేజీ అయితే, దాన్ని వాడుతున్న ప్రోగ్రామ్‌కు సిగ్‌బస్ సంకేతం పంపుతుంది. దాన్ని అందుకుని సర్దుకునే ఏర్పాటు లేని ప్రోగ్రామ్ అక్కడితో ఆగిపోతుంది. మిగతావి యథాప్రకారం సాగుతాయి.

ఇదంతా విడతలుగా వచ్చింది. ఇంటెల్ పెంటియం ప్రో ప్రాసెసర్ 1995లో బ్యాంకుల పద్ధతి తెచ్చింది. పేజీలను పక్కన పెట్టే కోడ్ 2009లో లినక్స్ 2.6.32తో వచ్చింది. మరుసటి ఏడు ఇంటెల్ జియాన్ 7500 ప్రాసెసర్లు ఈ రకం కోలుకోవడాన్ని ఎక్స్86 సర్వర్లకు అందించాయి. మరో తయారీదారు ఏఎండీ, కోలుకునే వీలుందా అన్న వివరాన్ని ఆ 179 రిజిస్టర్‌లో కాక సీపీయూఐడీలోని ఒక పట్టికలో ఉంచుతుంది కాబట్టి, కెర్నెల్ ముందు తయారీదారు ఎవరో తెలుసుకుని ఆ తరువాతే తగిన బిట్‌ను చదువుతుంది.