తాగుడు, పొగాకు, దిగులు – సిగ్గుపడే తప్పులు కావు, నయమయ్యే జబ్బులు



శ్రీహరికోట, సూళ్ళూరుపేట, పులికాటు ఒడ్డు పల్లెల నుండి మా వార్డులకు వచ్చేవారిలో "తాగుడు మానాలి" అని వచ్చేవారు చాలా తక్కువ. కడుపునొప్పి, పచ్చకామెర్లు, కాళ్ళ తిమ్మిర్లు, నిద్ర పట్టడం లేదు అని వస్తారు. రెండో రోజు రాత్రి చేతులు వణుకుతుంటే మేము అడుగుతాము. అప్పుడు భార్యో, తల్లో పక్కకు పిలిచి, "సిస్టరమ్మా, రోజూ తాగుతాడు. డాక్టరు గారికి చెప్పొద్దమ్మా, పరువు పోతుంది" అంటారు. ఈ మాట దాచడం వల్లనే కొన్నిసార్లు ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఈసారి ఈ విషయం వ్రాస్తున్నాము.

దుకాణం మూస్తే సరిపోతుందా?

ఈ విషయంలో దేశానికి దారి చూపింది నెల్లూరు జిల్లా ఆడవారే. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ గారు, ఆమెతోటి మహిళలు సారా దుకాణాలను ఎదిరించారు. అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠాలు వారికి ధైర్యమిచ్చాయి. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దానిని సడలించారు. అప్పటికి మన సూళ్ళూరుపేట కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. తిరుపతి జిల్లాలోకి వచ్చింది 2022లో.

ఆ తల్లులు చేసింది చాలా గొప్ప పని. వీధిలో సారా దొరకకపోతే కొత్తగా అలవాటయ్యేవారు తగ్గుతారు. కాని అప్పటికే అలవాటు పడిన శరీరానికి దుకాణం మూయడం ఒక్కటే చాలదు. దానికి వైద్యం కావాలి.

వ్యసనం అంటే ఏమిటి?

మన మెదడులో సంతోషాన్ని తెలిపే భాగం ఒకటి ఉంది. మంచి భోజనం, ఆప్తుల పలకరింపు దానిని కదిలిస్తాయి. మద్యం, పొగాకు దానిని ఇంకా బలంగా కదిలిస్తాయి. రోజూ అలాగే జరిగితే మెదడు ఆ మోతాదుకు అలవాటు పడి, ఇంకా ఎక్కువ అడుగుతుంది. కొన్నాళ్ళకు మనిషి తాగేది ఆనందం కోసం కాదు, వణుకు, చెమట, కంగారు తగ్గడం కోసం. "మానేస్తాను" అని పొద్దున పిల్లల మీద ఒట్టు వేసినవాడే సాయంత్రం తాగి వస్తాడు. అతను అబద్ధాలకోరు కాబట్టి కాదు, జబ్బు అతని మనస్సు కంటే బలంగా ఉంది కాబట్టి.

ఈ నాలుగు ప్రశ్నలు మీకు మీరే వేసుకోండి.

1. తాగుడు తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనిపించిందా?
2. మీ తాగుడు గురించి ఎవరైనా అంటే కోపం వచ్చిందా?
3. తాగినందుకు తప్పు చేశానని లోలోపల బాధపడ్డారా?
4. వణుకు తగ్గడానికి పొద్దున్నే మళ్ళీ తాగారా?

రెండింటికి "అవును" అని జవాబు వస్తే డాక్టరును కలవాలి.

ఉన్నట్టుండి మానడంలో ప్రమాదం

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన సంగతి. చాలా కాలంగా రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానితే, కొన్ని గంటల్లోనే వణుకు, చెమట, వాంతులు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుండి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనబడి, ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ప్రవర్తించవచ్చు. ఇంట్లోవారు గాలి సోకిందనుకొని తాయెత్తు కట్టిస్తారు, లేదా గదిలో పెట్టి గడియ వేస్తారు. ఈ స్థితిలో వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు.

లెంటు దినాల్లో ఒట్టు పెట్టుకున్నవారు, అయ్యప్ప మాల వేసుకున్నవారు, ఆపరేషను కోసం చేరినవారు ఇలా ఉన్నట్టుండి మానుతారు. వారి కోరిక మంచిదే. అయితే రోజూ తాగేవారు ముందుగా డాక్టరుకు చెప్పి మానండి. ఆసుపత్రిలో కొద్ది రోజులు వణుకు, ఫిట్స్ రాకుండా మందులిచ్చి మెల్లగా తగ్గిస్తాము. బి1 విటమిను ఇస్తాము. తాగేవారిలో అది తగ్గిపోయి, మతిమరుపు, నడక తూలడం వస్తాయి.

ఇంకొక హెచ్చరిక. తాగుడు మాన్పించే బిళ్ళలను భర్తకు తెలియకుండా కూరలో, కాఫీలో కలిపే తల్లులు ఉన్నారు. వారి బాధ మాకు తెలుసు. కాని డైసల్ఫిరామ్ అనే ఆ బిళ్ళ ఒంట్లో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె దడ వచ్చి, బి.పి. పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. ఆ బిళ్ళను రోగికి చెప్పి, అతను ఒప్పుకున్నాకే, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాలి.

బీడీ, సిగరెట్టు, గుట్కా

పొగలోని నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరుతుంది. అందుకే ఆ అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. ఖైనీ, గుట్కా నమిలేవారికి పొగ లేదు కదా అనుకోవద్దు, నోటి క్యాన్సరు దాని వల్ల కూడా వస్తుంది. పొగ మానినప్పుడు చిరాకు, నిద్రలేమి, ఆకలి ఎక్కువ కావడం మొదటి మూడు రోజులు బాగా ఉండి, మూడు నాలుగు వారాల్లో తగ్గుతాయి. తాగాలనే తపన వచ్చినా కొద్ది నిమిషాల్లో దానంతట అదే పోతుంది. ఆ కాసేపు నీళ్ళు తాగండి, నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి.

నికోటిన్ చూయింగ్ గమ్ వాడేవారు మామూలు గమ్‌లా నమలకూడదు. కొద్దిగా నమిలి, ఘాటు రాగానే చెంపలో పెట్టుకోవాలి. ఘాటు తగ్గాక మళ్ళీ నమలాలి. దానికి పావుగంట ముందు కాఫీ, కూల్ డ్రింకు వద్దు. పొగ మానిన ఒక సంవత్సరానికి గుండెజబ్బు ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతుంది. యాభై ఏళ్ళు దాటాక మానినా లాభమే.

తాగుడు వెనుక దిగులు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరంలో మరపడవల వేటకు సెలవు. చేతిలో పని ఉండదు, డబ్బు ఉండదు, ఇంట్లో అప్పుల మాటలు. అలాంటప్పుడు సీసా పట్టుకునేవారిలో కొందరికి అసలు జబ్బు దిగులు. మద్యం ఆ పూటకు మరిపించినా, తెల్లవారేసరికి దిగులును రెట్టింపు చేస్తుంది.

రెండు వారాలకు పైగా రోజూ మనసు బరువుగా ఉండడం, దేని మీదా ఇష్టం లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం, నీరసం, "నేనెందుకూ పనికిరాను" అనిపించడం – ఇవి డిప్రెషన్ లక్షణాలు. మన ఊళ్ళలో దీనినే నరాల బలహీనత అని బలం ఇంజెక్షన్లు చేయించుకుంటారు. ఆడవారిలో, బాలింతల్లో కూడా ఇది ఎక్కువ. దీనికి మాటలతో చేసే వైద్యం ఉంది, మందులూ ఉన్నాయి. మందు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. పది రోజులకే "గుణం లేదు" అని మానవద్దు. బాగయ్యాక కూడా డాక్టరు చెప్పినన్ని నెలలు వాడాలి. ఇవి నిద్రమాత్రల వంటివి కావు, వీటికి బానిసలు కారు.

చనిపోవాలని ఉందని ఎవరైనా అంటే, తిట్టవద్దు, ఒంటరిగా వదలవద్దు. పురుగుమందులు, తాళ్ళు అందకుండా తీసి, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కేసు అవుతుందని భయపడి ఆలస్యం చేయవద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం అటువంటి మనిషికి శిక్ష కాదు, సంరక్షణ కావాలంటుంది.

కుటుంబం, సంఘం చేయగలిగినది

మందు వేసుకోవడం విశ్వాసం తక్కువై కాదు. షుగరుకు బిళ్ళ వేసుకుంటూ ప్రార్థన చేసుకుంటాము కదా, ఇదీ అంతే. మానిన మనిషి మళ్ళీ ఒకసారి తాగితే "ఇంతేలే వీడు" అని వదిలేయవద్దు. బి.పి. మళ్ళీ పెరిగితే మళ్ళీ చూపించుకోమా? 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడై మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూటాలు నేడు ప్రపంచమంతటా ఉన్నాయి. మానినవాడి మాటే మానాలనుకునేవాడికి ఎక్కువ బలం. విందుల్లో, పెళ్ళిళ్ళలో అతని చేతికి గ్లాసు ఇవ్వకపోవడం మనందరి వంతు.

ఫోనులో ఉచిత సహాయానికి: మానసిక బాధలకు టెలీ మానస్ 14416, మద్యం, మత్తుపదార్థాలకు 14446, పొగాకు మానడానికి 1800-11-2356.

ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎంత తాగుతారో, ఎప్పుడు చివరిగా తాగారో మాకు నిజం చెప్పండి. ఆ మాట మేము బయట చెప్పము. మీ పరువు మా దగ్గర భద్రం. మీ ప్రాణం కూడా భద్రంగా ఉండాలన్నదే మా ఆశ.

– నర్సింగ్ సూపరింటెండెంట్