కొండకోనలలోని పచ్చబొట్టు: కుటియా కోదుల ముఖలేఖనము

పచ్చబొట్టు అను మాట తెలుగువారి యింటి మాటయే యైనను, దాని చుట్టరికము చాల దూరము వ్యాపించి యున్నది. తమిళమున దీనిని పచ్చై అందురు. పొడుచు పనిని పచ్చై కుత్తుదల్ అందురు. మలయాళమున పచ్చకుత్తు అని పేరు. కన్నడమున పదాదినున్న పకారము హకారమగుట పరిపాటి గనుక, ఆ మాటయే అక్కడ హచ్చె అయినది. ఒడియాలో చితా, మరాఠీలో గోందణ అను వేరు మాటలు కలవు. కోలారు తెలుగువారు హచ్చె అన్నను, మదుర తెలుగువారు పచ్చై అన్నను, బరంపురము తెలుగువారు చితా అన్నను, వారి అవ్వల ముంజేతులమీద నిలిచినది ఆ చుక్కలు, ఆ గీతలే.

అయితే ముంజేతిమీద నాలుగు చుక్కలు వేరు. నుదురు, చెక్కిళ్లు, గడ్డము నిండ గీతలు తీర్చుకొనుట వేరు. ఇట్టి ముఖలేఖనము మన తెలుగు నేలకు ఎంతో దూరము కాని యొక కొండసీమలో, కుటియా కోదుల ఆడువారియందు, నేటికిని వృద్ధుల ముఖములమీద కానవచ్చుచున్నది. ఆ జాతి చరిత్రకును, తెలుగువారి చరిత్రకును గల సంబంధము మనవారిలో పెక్కుమందికి తెలియదు. ఆ సంబంధమును వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

పచ్చ యను పేరు ఎట్లు వచ్చెను?

పచ్చబొట్టునకు వాడునది దీపపుమసి, లేక కుండకు పట్టిన మసి. అది నల్లనిది. నల్లని మసితో పొడిచిన బొట్టు పచ్చగా, నీలముగా ఏల కనబడవలెను? చర్మము రెండు ముఖ్యమైన పొరలు గలది. పైపొర ఇంచుమించు నెలదినములలో రాలి క్రొత్తది అగుచుండును. సూదిమొన ఆ పొరను దాటి లోపొరలో మసిని దింపినప్పుడే గుర్తు నిలుచును. అట్లు లోతున నున్న మసిరేణువులు వెలుతురులోని ఎర్రని పాలును త్రాగివేయును. నీలపు పాలు మాత్రము పైనున్న చర్మములో చెదరి మన కంటికి తిరిగి వచ్చును. ఆ నీలము గోధుమవన్నె చర్మముతో కలిసి పచ్చగా తోచును. కనుక పచ్చ యను పేరు పెట్టినవారు మసిని గాక, తాము ఒంటిమీద చూచినదానిని చూచినట్లే చెప్పినారు.

గుర్తు జీవితాంతము నిలుచుటకు గల కారణము ఇటీవల మరింత స్పష్టమైనది. మసిరేణువులను దేహరక్షణకై యుండు కొన్ని జీవకణములు మ్రింగి పట్టుకొనును. ఒక కణము చనిపోయినప్పుడు విడిచిన మసిని ప్రక్కనే పుట్టిన మరియొక కణము అందుకొనును. ఫ్రాన్సు దేశపు మార్సేయి పట్టణమున ఎలుకలపై జరిపిన పరిశోధన ద్వారా 2018లో ఈ సంగతి వెల్లడియైనది. ఒకరు విడిచినదానిని మరియొకరు అందుకొనుటచేతనే గుర్తు నిలుచుచున్నదన్నమాట. జాతుల సంప్రదాయములు నిలుచుటయు ఇట్లే.

కొండసీమకు దారి

కుటియా కోదుల నివాసము ఒడిశా రాష్ట్రమున కంధమాల్ జిల్లా నైరృతి భాగము. బరంపురమునుండి పోవువారు హింజిలి, ఆస్కా, సొరడ మీదుగా మైదానమును దాటి ఘాటురోడ్డు నెక్కి దారింగబడి చేరుదురు. అచ్చటినుండి బల్లిగూడ, పిదప తుముడిబంధ, ఆపైన బెల్ఘర్. గుగ్గిలపు చెట్లు, ఇప్పచెట్లు, పనసలు, చింతలు దారి పొడవునను కనబడును. పెద్ద ఊళ్లకు నేడు బస్సులు, జీపులు పోవుచున్నవి గాని, కొండవాలులమీద నున్న చిన్న పల్లెలకు కాలిబాటయే దిక్కు. ఆ బాటలు వాగులను దాటుచు, పోడు చేలగట్ల వెంట ఎక్కుచు పోవును. వానకాలమున వాగు పొంగినచో ఆ పల్లెలకు రాకపోకలు ఆగిపోవును.

కోదుల పల్లె అమరిక ప్రత్యేకమైనది. ఎదురెదురుగా రెండు వరుసల ఇండ్లు, నడుమ పొడవైన వీధి, అందులో భూదేవతకు నిలిపిన రాళ్లు. రాగులు, సామలు, కందులు వారి పంటలు. ఈ జిల్లా పసుపునకు పేరుపడినది. కంధమాల్ పసుపునకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది.

2011 జనగణన ప్రకారము ఒడిశాలో కోదుల సంఖ్య 16 లక్షలకు పైన. రాష్ట్రములోని గిరిజన తెగలలో వారిదే అత్యధిక సంఖ్య. వారిలో కుటియా కోదులు ఒక చిన్న శాఖ. ప్రభుత్వము మిక్కిలి బలహీనస్థితిలో నున్నవిగా గుర్తించిన తెగలు ఒడిశాలో 13 కలవు. అందు కుటియా కోదులు ఒకరు.

భాషలోని బంధుత్వము

కుటియాల భాష కుయి. ఇది ద్రావిడభాష. భద్రిరాజు కృష్ణమూర్తి మొదలగు పండితులు ద్రావిడభాషలను వర్గీకరించినప్పుడు తెలుగును తమిళ కన్నడములతో గాక, గోండి, కొండ, కుయి, కువి మొదలగు భాషలతో ఒక శాఖగా చేర్చినారు. కుయి భాషకు విన్‌ఫీల్డు రచించిన వ్యాకరణము 1928లో వెలువడినది.

ఈ బంధుత్వమునకు నిదర్శనములు ఇంటింటి మాటలలోనే కలవు. తమిళమున ఇరణ్డు అను సంఖ్య తెలుగున రెండు, కుయిలో రిండి. తమిళమున మరము తెలుగున మ్రాను, కుయిలో మ్రహ్ను. పదమధ్యమునందలి రేఫమును ముందునకు లాగుకొనుట తెలుగునకును, కుయి మొదలగు కొండభాషలకును ఉమ్మడి లక్షణము. మన ఇల్లు వారికి ఇడు. మన కన్ను వారికి కను. బరంపురము తెలుగు వర్తకుడు సంతలో ఎదురుపడిన కోదు స్త్రీని అన్యురాలని తలచియుండవచ్చును. కాని వారిద్దరి నాలుకల మీదను ఒక ముత్తవ్వ మాటలే ఆడుచున్నవి.

ఆంధ్రప్రదేశమునందును కోదులు కలరు. అరకు ప్రాంతమున కోదులు, పార్వతీపురము మన్యమున వారి శాఖయగు జాతాపులు నివసించుచున్నారు. జాతాపులలో పెక్కుమంది నేడు తెలుగే మాటాడుచున్నారు.

ముఖలేఖనము, దాని కారణములు

కుటియా స్త్రీల గుర్తులు గీతలతోను, చుక్కలతోను కూర్చిన రేఖాచిత్రములు. నుదుట, చెక్కిళ్లమీద, గడ్డమున అవి సమపాళముగ దీర్చబడి యుండును. ఈ పని ఆడపిల్లకు బాల్యమునందే, పెండ్లికి చాల మునుపే జరిగెడిది. ముఖచర్మము పలుచనిది గనుక నొప్పి, వాపు తప్పవు.

ఇట్లు చేయుటకు చెప్పు కారణములలో రెండు ముఖ్యమైనవి. పరలోకమున తమవారిని తాము గుర్తుపట్టుటకు ఈ గీతలు తోడ్పడునను విశ్వాసము మొదటిది. బయటివారు ఆడువారిని ఎత్తుకొనిపోకుండుటకై ముఖమును వికారము చేయుటయే దీని ఉద్దేశమనుట రెండవది. రెండవ కథ కోదులయందు మాత్రమే కాదు, అరుణాచలమునందలి ఆపతానీల విషయమునను, బర్మాలోని చిన్ జాతి విషయమునను వినబడుచున్నది. కాని ఆలోచించినచో దీనిని పూర్తిగా ఒప్పుకొనుట కష్టము. వికారము చేయదలచినవారు గీతలను ఇంత ఒద్దికగా, ఇరు చెక్కిళ్లకును సమముగా ఏల దీర్తురు? దీర్చిన చేయి అందమునే కోరినదని చూడగనే తెలియుచున్నది. బయటివారి భయమును చెప్పు కథ బయటివారితో జాతి పడిన బాధకు సాక్ష్యము కావచ్చును. గీతల పుట్టుకకు అది ఒక్కటే కారణమని చెప్పరాదు.

మొదటి కారణము తెలుగువారికి క్రొత్త కాదు. ఒంటిమీది నగలన్నియు చావుతో తీసివేయుదురు. పచ్చబొట్టు మాత్రము వెంట వచ్చునను నమ్మకము మన పల్లెలయందును కలదు. మనవారికి ఎరుకల స్త్రీలు ఊరూర తిరిగి, సూదులు కట్టగట్టి, మసిలో ముంచి పొడిచి, పసుపు రాచెడివారు. వారి భాష తమిళమునకు దగ్గరిది. తమిళదేశమున కురత్తులు, కన్నడదేశమున కిళ్ళెక్యాతల స్త్రీలు ఈ పని చేసిరి. భాషల ఎల్లలను ఈ సంచారవృత్తి దాటినది. తేలు, ముగ్గు చుక్కలు, మగని పేరు మన రూపములు. సొమ్ములు కొనలేని ఇంటి ఆడుబిడ్డకు ఇది సొమ్ము. దొంగ దోచలేనిది, షాహుకారు తాకట్టు పట్టలేనిది.

తాకట్టును గూర్చిన మాట

తాకట్టు మాట వచ్చినది గనుక మరియొక సంగతి చెప్పక తప్పదు. బల్లిగూడ మన్యము 1936 ఏప్రిల్ 1 వరకు గంజాం ఏజెన్సీలో భాగముగ మద్రాసు రాజధాని క్రింద నుండెను. అప్పు పేరిట కొండవారి భూములు మైదానపువారి చేతులలో పడుట ఏజెన్సీలో సామాన్యమైనది. దీనిని అరికట్టుటకై మద్రాసు ప్రభుత్వము గంజాం, విశాఖపట్టణము, గోదావరి ఏజెన్సీలకు 1917లో భూముల బదిలీ చట్టమును తేవలసి వచ్చెను. ఆ మైదానపువారిలో తెలుగువారును కలరు. ఒడియావారి నడుమ తమ భాష నిలుపుకొనుటకు పాటుపడిన గంజాం తెలుగువారు, తమకంటె బలహీనమైన సోదరభాషవారియెడ తమవారు ప్రవర్తించిన తీరును కూడ మరువరాదు. చుట్టరికము భాషాశాస్త్ర గ్రంథములలో మాత్రమే యుండినచో దానివలన ప్రయోజనము లేదు.

నేటి స్థితి

నేడు కుటియా బాలికలు ముఖమున గీతలు పొడిపించుకొనుట లేదు. వారు బడికి పోవుచున్నారు. పట్టణమునకు పోయినప్పుడు పదిమంది తేరిపార చూచుట వారికి ఇష్టము లేదు. నొప్పికి వెరచి మానుటయు న్యాయమే. ఒకే సూదిని పలువురికి వాడుటవలన రక్తము ద్వారా వ్యాపించు కామెర్లు మొదలగు వ్యాధులు సంక్రమించునని నేడు తెలిసినది. కనుక ఆచారమును మరల తెమ్మని బయటివారు ఉపదేశించుట తగదు. ముఖము ఎవరిదో నిర్ణయము వారిదే.

అయితే గీతలున్న ముఖములను చూడవచ్చు యాత్రికుల రాక వేరొక సమస్యను తెచ్చినది. మనుష్యులను జంతువులవలె చూచి ఛాయాచిత్రములు తీసికొని పోవుటపై విమర్శలు చెలరేగగా, ఒడిశా ప్రభుత్వము 2012లో ఇట్టి తెగల పల్లెలకు యాత్రికులు పోవుటపై కట్టుబాట్లు విధించినది. కొండ ఎక్కువాడు ఈ కట్టుబాట్లను చట్టమునకు వెరచి గాక మర్యాద నెరిగి పాటింపవలెను. చుట్టముల ఇంటికి పోవువాడు గుమ్మములో నిలిచి పిలుచును. ఇంటివారు రమ్మన్న పిదపనే లోనికి అడుగిడును.

మిగిలియున్న పని ఒకటి కలదు. ప్రతి గీతకును, ప్రతి చుక్కకును వృద్ధురాండ్రు చెప్పు కుయి పేర్లను, వారి అనుమతితో, వారి పిల్లల చేతనే వ్రాయించుట. కుయి మాటాడువారు 2011లో 9 లక్షలకు పైనుండిరి. చదువుకొన్న యువకులు, యువతులు వారిలో కొదువ లేదు. వారికి కాగితము, పుస్తకము, అచ్చు సమకూర్చుట బరంపురము, పర్లాకిమిడి, రాయగడ తెలుగు సంఘములకు అలవికాని పని కాదు. దానితోపాటు ప్రతి తెలుగు ఇంటివారును తమ అవ్వ చేతిమీది బొట్టును ఎవరు పొడిచిరో, ఏ ఊర, ఏ యేట పొడిచిరో ఆమె బ్రతికియుండగనే అడిగి వ్రాసియుంచుట మంచిది. కొండమీది ముఖములయందును, ఇంటిలోని ముంజేతులమీదను వ్రాసియున్న ఆ లిపికి ప్రతులు లేవు. దానిని చదివి చెప్పగలవారు ఏటేట తగ్గుచున్నారు.