కొలత చెప్పిన అబద్ధం!

మూత బిగించిన కుక్కర్లో నీళ్లెన్ని ఉన్నాయో బయటికి కనబడదు. అణు రియాక్టరూ అంతే. కాకపోతే అక్కడ నీళ్లు తగ్గితే మాడేది అన్నం కాదు... యురేనియం ఇంధనం!

1979 మార్చి 28, తెల్లవారుజామున 4 గంటలు. అమెరికాలోని త్రీమైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్లో, పీడనం పెరిగి తెరుచుకున్న వాల్వు మళ్లీ మూసుకోలేదు. కంట్రోల్ రూంలో దీపం మాత్రం ఆరిపోయింది. 'మూసుకో' అన్న ఆదేశం వెళ్లిందని చెప్పడమే దాని పని. మూసుకుందో లేదో దానికేం తెలుసు?

చిత్రమేమిటంటే, రియాక్టర్ పాత్రలో నీటిమట్టం చూపే మీటరే లేదు. సిబ్బంది నమ్ముకున్నది పక్కనున్న ప్రెషరైజర్ మీటర్‌ని. రియాక్టర్‌లో పుట్టిన ఆవిరి నీటిని అందులోకి నెట్టడంతో అది 'నిండుగా ఉంది' అంది. దాంతో అత్యవసర పంపుల నీటిని వాళ్లే తగ్గించేశారు! రెండు గంటలు దాటాక గానీ లీకు ఆపలేదు. ఇంధనంలో దాదాపు సగం కరిగిపోయిందని ఏళ్ల తర్వాత తేలింది.

ఆ తర్వాత అమెరికాలో ఈ రకం రియాక్టర్లన్నిటికీ లోపలి నీటిమట్టాన్ని పసిగట్టే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అయినా 2011 మార్చి 11 రాత్రి జపాన్‌లోని ఫుకుషిమా ఒకటో యూనిట్ మీటరు, ఇంధనం నీళ్లలోనే ఉందని చూపింది. అప్పటికే అది బయటపడింది. మట్టాన్ని పోల్చి చూసేందుకు పక్క గొట్టంలో ఉంచే నీళ్లు కూడా వేడికి ఆవిరైపోయాయి మరి!