పొయ్యి వెలిగించని మిఠాయి... లెక్కతో తింటే మేలే!

తెల్లవారుజామున విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి చేపలు కొనుక్కునే అలవాటు ఉన్నవాళ్లకి అక్కడి హడావుడి తెలిసిందే. బోటు జెట్టీకి తగలగానే వేలం పాట మొదలవుతుంది. వంజరం, చందువ, కానాగంతలు తట్టల్లోకి ఎక్కుతాయి. ఆ తట్టలు నెత్తిన పెట్టుకునే ఆడవాళ్లలో చాలామంది ఇంట్లో పొయ్యి వెలిగించకుండానే వచ్చేస్తారు. పదింటి దాకా వాళ్ల కడుపులో పడేది రెండు టీలు, నాలుగు బిస్కెట్లు. సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లలకి దొరికేదీ అదే బిస్కెట్ ప్యాకెట్. హార్బర్ దాకా ఎందుకు? అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేసే అపార్ట్‌మెంట్ ఇళ్లలోనూ కథ ఇంతే. ప్యాకెట్ ఖరీదు మాత్రమే తేడా.

అందుకే ఓవెన్, స్టవ్ అవసరం లేకుండా ఇంట్లోనే చేసుకునే ఉండలు, లడ్డూలంటే ఇప్పుడు అందరికీ ఆసక్తి. ఫోన్ తెరిస్తే చాలు, ఖర్జూరం లడ్డూ, ఓట్స్ బార్, బిస్కెట్ కేక్ చేసి చూపిస్తారు. మంచిదే. కానీ వీటి పేరు చెప్పుకొని మా ఓపీకి వచ్చేవాళ్లూ ఉన్నారు. చేపల వ్యాపారం చేసే యాభై ఏళ్లావిడ ఒకరు ఈ మధ్య రిపోర్టు పట్టుకొచ్చారు. మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే హెచ్‌బీఏ1సీ 9 దాటింది. ‘పంచదార మానేసి ఏడాదయిందమ్మా. టీలో కూడా బెల్లమే. తీపి తినాలనిపిస్తే నువ్వులుండలే తింతన్నాను. మరేటి ఇలగ వచ్చింది?’ అని అడిగారు. రోజుకి ఎన్ని ఉండలని అడిగితే లెక్క లేదు. బెల్లంతో చేసినవే కదా అని ధీమా.

బెల్లానికి వేరే లెక్క ఉండదు

అనకాపల్లి మనకి పక్కనే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో అదొకటి. కాబట్టి బెల్లాన్ని ఒక మాటంటే ఈ ప్రాంతంలో ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా చెప్పక తప్పదు. బెల్లం బరువులో ఎనభై శాతానికి పైగా చక్కెరలే. వంద గ్రాముల పంచదారలో 400 క్యాలరీలుంటే, అంతే బెల్లంలో 380 దాకా ఉంటాయి. ఇనుము ఉంటుందన్నది నిజమే కానీ పది గ్రాముల బెల్లంలో అది అర మిల్లీగ్రాముకి మించదు. ఒంట్లోకి వెళ్లాక క్లోమానికి ఇది పంచదార, ఇది బెల్లం అన్న తేడా పెద్దగా తెలియదు. తేనె, తాటిబెల్లం సంగతీ అంతే.

ఖర్జూరం కొంచెం నయం. పండు కాబట్టి పీచు ఉంటుంది. కానీ దాని బరువులోనూ మూడింట రెండు వంతులు చక్కెరే. ‘షుగర్ లేని లడ్డూ’ అని పేరు పెట్టి పదిహేను ఖర్జూరాలు మిక్సీలో వేస్తే ఆ పేరు ఎలా సరిపోతుందో నాకు అర్థం కాదు. పంచదార వేయలేదంటే ఒప్పుకుంటాను.

రోజు మొత్తంలో మనకి అందే శక్తిలో చక్కెర ద్వారా వచ్చేది పది శాతం లోపే ఉండాలనీ, ఐదు శాతానికి తగ్గిస్తే ఇంకా మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. రెండు వేల క్యాలరీలు తినే మనిషికి ఐదు శాతమంటే 25 గ్రాములు. అంటే ఐదు చెంచాలు. మూడు టీలు తాగుతూ ఒక్కో దాంట్లో రెండేసి చెంచాలు వేసుకుంటే ఆ లెక్క అక్కడే దాటిపోయింది. ఇక లడ్డూకి చోటెక్కడ? అందుకే ఇంట్లో మిఠాయి చేసుకోవాలనుకునేవాళ్లు ముందు టీ గ్లాసు వైపు చూడాలంటాను. టీలో రెండు చెంచాలు ఒకటైతే, సాయంత్రం ఒక ఉండ తినడానికి వీలు దొరుకుతుంది.

చిమ్మిలి మన ఇంటిదే

పొయ్యి అక్కర్లేని తీపి మనకి కొత్తేం కాదు. నాగులచవితికి చిమ్మిలి, చలిమిడి చేయడం, శ్రీరామనవమికి పానకం కలపడం, అటుకుల్లో బెల్లం, కొబ్బరి వేసుకోవడం, పుట్నాలు బెల్లంముక్కతో నమలడం... వీటిలో దేనికీ మంట అక్కర్లేదు. ఈడొచ్చిన ఆడపిల్లకి చిమ్మిలి పెట్టే ఆనవాయితీ కోస్తా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. ఇవాళ ‘ఎనర్జీ బాల్’ అని డబ్బాలో పెట్టి అమ్ముతున్నది దాదాపు ఇదే.

నేను చెప్పే కొలత ఇది. నువ్వులు 150 గ్రాములు, బెల్లం 75 గ్రాములు. మామూలుగా ఇళ్లలో బెల్లం నువ్వులతో సమానంగా వేస్తారు, కొందరు ఎక్కువే వేస్తారు. సగానికి తగ్గించినా ఉండ కడుతుంది. నువ్వుల్లోంచి వచ్చే నూనే పట్టు ఇస్తుంది. నువ్వుల్లో మట్టి, ఇసుక ఉంటాయి కాబట్టి బాగా కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. పిల్లలకీ గర్భిణులకీ చేస్తున్నప్పుడైతే ఐదు నిమిషాలు దోరగా వేయించడం మంచిది, క్రిముల భయం తగ్గుతుంది. రోట్లో దంచితే రుచి. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పాలి, లేదంటే ముద్దలా జిగురవుతుంది. మొత్తం పదిహేను ఉండలు చేయండి. నిమ్మకాయంత కాదు, పెద్ద ఉసిరికాయంత.

అలా చేస్తే ఒక్కో ఉండలో బెల్లం ఐదు గ్రాములు, అంటే ఒక్క చెంచా. క్యాలరీలు 75 దాకా. నువ్వుల వల్ల కొంచెం మాంసకృత్తులు, పీచు, మంచి కొవ్వు, వంద మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం. నువ్వుల్లోని ఆక్సలేట్ల వల్ల ఆ క్యాల్షియమంతా ఒంటికి పట్టదు, కాబట్టి పాలూ పెరుగూ మానేయొద్దు. క్రీమ్ బిస్కెట్లతో పోల్చి చూడండి. చాలా రకాల్లో బరువులో మూడో వంతు దాకా చక్కెరే, మిగతాది మైదా, నూనె. యాభై గ్రాముల ప్యాకెట్ ఖాళీ చేస్తే మూడు చెంచాల పైన లోపలికి పోతుంది. పైగా కడుపు నిండదు. ఇంటి ఉండ గొప్పదనం ఇందులోనే ఉంది. తీపి ఎంత వేయాలన్నది మన చేతిలో ఉంటుంది, తీపితో పాటు ఇంకేదో కూడా కడుపులోకి వెళ్తుంది.

చిమ్మిలి తినని పిల్లలకి పుట్నాల ఉండ చేసి పెట్టండి. కప్పు పుట్నాలు పొడి చేసి, గింజ తీసిన పది ఖర్జూరాలు, రెండు మూడు చెంచాల ఎండుకొబ్బరి తురుము కలిపి తిప్పితే చాలు. నెయ్యి అక్కర్లేదు. పదిహేను చేస్తే ఒక్కో దాంట్లో రెండు గ్రాముల దాకా మాంసకృత్తులు వస్తాయి, ఖర్జూరం చక్కెర నాలుగు గ్రాములు దాటదు. ఎనిమిదేళ్ల పిల్లలు కూడా పక్కన పెద్దవాళ్లుంటే వీటిని చేసుకోగలరు. మంట లేదు, మిక్సీ మాత్రం మీరే తిప్పండి. బడిలో మధ్యాహ్న భోజనంతో చిక్కీ ఇచ్చిన రోజు ఇంట్లో ఉండ మానేయొచ్చు.

మాత్ర మానేసి ఉండ తింటే?

అసలు నా భయం ఇక్కడే. ఇరవై మూడేళ్ల గర్భిణి ఆరో నెలలో ఆయాసంతో వచ్చింది. హిమోగ్లోబిన్ 7. ఐరన్ మాత్రలు ఇంట్లో అలాగే ఉన్నాయి. అవి వేసుకుంటే వికారం, మలబద్ధకం అని మానేసింది. బదులుగా రోజూ ఖర్జూరం, నువ్వులు, బెల్లం ఉండలు రెండు తింటోంది. అత్తగారు ఎంతో ప్రేమగా చేసి పెడుతున్నారు. చదువుకున్న ఇల్లే.

లెక్క చూద్దాం. మనం చెప్పుకున్న చిమ్మిలి ఉండలో ఇనుము ఒకటిన్నర, మహా అయితే ఒకటీ ముప్పావు మిల్లీగ్రాములు. గర్భిణికి ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాములు. ఆ ఒక్క మాత్రకి సరితూగాలంటే దాదాపు 35 ఉండలు తినాలి. వాటిలో 2,600 క్యాలరీలుంటాయి! పైగా గింజల్లోని ఇనుములో పదో వంతు ఒంటికి పట్టడం కూడా కష్టమే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంత పెద్ద లోటు మిఠాయితో పూడదు. ఉండ తినండి, మాత్రా వేసుకోండి. పడకపోతే వేసుకునే వేళ మార్చడమో, మాత్ర మార్చడమో, అవసరమైతే ఇంజెక్షన్ ఇవ్వడమో చేస్తాం. మానేసి ఊరుకోవద్దు. ఆ అమ్మాయికి ఆసుపత్రిలోనే ఐరన్ ఎక్కించాం.

బడిలో వారానికోసారి ఇచ్చే నీలం మాత్ర సంగతీ ఇదే. ఎదిగే ఆడపిల్లకి రోజుకి 30 మిల్లీగ్రాముల దాకా ఇనుము కావాలి. చిమ్మిలితో పాటు ఒక జామకాయ ముక్క తింటే, అందులోని సి విటమిన్ వల్ల ఉన్న ఇనుమైనా కొంచెం బాగా పడుతుంది. వెంటనే టీ తాగితే ఆ కొంచెమూ పోతుంది. టీకి గంట ఆగాలి.

కేకు కాల్చకపోయినా కేకే

పొయ్యి వెలిగించకుండా చేసిందల్లా ఆరోగ్యమేమీ కాదు. బిస్కెట్లు పొడి చేసి, కండెన్స్‌డ్ మిల్క్ పోసి, చాక్లెట్ కరిగించి ఫ్రిజ్‌లో పెట్టే కేకులున్నాయి కదా, వాటి గురించే. కండెన్స్‌డ్ మిల్క్‌లో సగానికి పైగా చక్కెరే. 400 గ్రాముల డబ్బా ఒంపితే నలభై చెంచాల పైమాటే. పుట్టినరోజుకి చేసుకుంటే నాకేం అభ్యంతరం లేదు, కానీ దాన్ని ఆరోగ్యకరం అని పిలవొద్దు. రోజూ తీపి అడిగే ఇంట్లో చిక్కటి పెరుగుని గుడ్డలో కట్టి నీరు దించి, అందులో పండిన అరటిపండో సపోటానో మెదిపి చల్లగా పెట్టండి. పంచదార వేయకపోయినా పిల్లలు గిన్నె నాకేస్తారు.

సముద్రపు గాలి, పల్లీ బూజు

విశాఖలో ఇంకో చిక్కు ఉంది, తేమ. తీరానికి దగ్గరి ఇళ్లలో బెల్లం నీరు కారుతుంది, వేరుశనగ గుళ్లు మెత్తబడి బూజు పడతాయి. ఆ బూజులో కొన్ని రకాలు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. ముడుచుకున్నవి, నల్లబడ్డవి, చేదుగా ఉన్నవి ఏరి పారేయాలి. వాటిని పొడిచేసి లడ్డూలో కలిపితే చేదు తెలియకుండా పోతుంది, అదే ప్రమాదం. కొద్దికొద్దిగా కొని, మూత బిగుసుకునే స్టీలు డబ్బాలో పెట్టి, వారంలో ముగించండి. పచ్చికొబ్బరి వేసినవి ఆ రోజే తినేయాలి. పచ్చి చలిమిడి కూడా అంతే. తడి పిండి, పచ్చి బియ్యం, మన ఉక్కపోత... క్రిములకి ఇంతకన్నా ఏం కావాలి! ప్రసాదంగా కొంచెం తినడం వేరు, డబ్బాలో దాచి పసిపిల్లలకి పెట్టడం వేరు.

బెల్లం కొనేటప్పుడు తెల్లగా, పసుపుగా మెరిసేది చూసి మోజుపడకండి. రంగు కోసం హైడ్రోస్ వంటి రసాయనం కలిపే అవకాశం ఎక్కువ. ముదురు గోధుమ రంగుదే తీసుకోండి. ఏడాది నిండని బిడ్డకి తేనె నాకించొద్దు, అరుదైనా ప్రాణాంతకమైన బాట్యులిజం రావచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకి వేరుశనగ గుళ్లు, జీడిపప్పు అలాగే ఇవ్వకండి, గొంతుకి అడ్డం పడతాయి. పొడి చేసి ఉండ కట్టి, కూర్చోబెట్టి తినిపించండి. నువ్వులు, పల్లీలు తిన్నాక దద్దుర్లో పెదవుల వాపో వస్తే ఇక పెట్టకుండా డాక్టర్‌కి చూపించాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఖర్జూరం, గింజల ఉండలు అడిగి తినాలి. పొటాషియం, ఫాస్ఫరస్ ఎక్కువ.

షుగర్ ఉన్నవాళ్లు అసలు తినకూడదా అంటే, అదుపులో ఉన్నవాళ్లు చిన్న ఉండ ఒకటి, భోజనం తర్వాత, అన్నం రెండు ముద్దలు తగ్గించి తినొచ్చు. నేను మొదట చెప్పినావిడకి అదీ కొన్నాళ్లు వద్దన్నాను. టీలో బెల్లం ముందు ఆపించాను.

బోటులో ఏ తీపి ఉండాలి?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజుల వేట నిషేధం. ఆ రెండు నెలల్లోనే సరంగులు, కళాసీలు తీరిగ్గా పరీక్షలకి వస్తారు. షుగర్ మందులు రాసి పంపిస్తే, తర్వాత పది పదిహేను రోజులు సముద్రంలోనే ఉంటారు. వేళకి తిండి ఉండదు. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకి అక్కడ షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, గుండెదడ, మాట తడబడటం మొదలవుతాయి. అప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వులుండ నోట్లో వేసుకుంటే పని జరగదు. అందులోని కొవ్వు చక్కెరని మెల్లగా రక్తంలోకి వదులుతుంది. మామూలు రోజుల్లో మేలు చేసే ఆ గుణమే ఈ సమయంలో ఆలస్యం చేస్తుంది. మూడు చెంచాల గ్లూకోజ్ పొడో పంచదారో నీళ్లలో కలిపి తాగాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ అంతే తాగాలి. తేరుకున్నాక ఉండ గానీ అన్నం గానీ తింటే షుగర్ మళ్లీ పడిపోకుండా నిలుస్తుంది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, పక్కకి తిప్పి పడుకోబెట్టి ఒడ్డుకి కబురు చేయాలి. దూరప్రయాణాలు చేసే డ్రైవర్లకీ, షిఫ్టు డ్యూటీల్లో ఉన్న స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులకీ ఇది వర్తిస్తుంది. చిమ్మిలి డబ్బా పక్కనే ఒక గ్లూకోజ్ ప్యాకెట్ పెట్టుకోండి, అది ఎక్కడుందో తోటివాళ్లకి కూడా చెప్పండి.