‘జ్ఞా’ దగ్గర కూలిన ఫోన్లు

2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక తెలుగు అక్షరం గండంగా మారింది. ‘జ్ఞా’ ఉన్న మెసేజ్‌ని చూపించబోయిన యాప్ మూతపడేది. మళ్లీ తెరిచినా అదే వరస. నోటిఫికేషన్‌గా వస్తే హోం స్క్రీనే కుప్పకూలేది. ఈ లోపమున్న ఐఓఎస్ 11.2.5 అప్పటికే ప్రపంచమంతటా ఫోన్లలోకి చేరిపోయింది.

మనం మామూలుగా రాసే ‘జ్ఞానం’తో ఏ ముప్పూ లేదు. ఫోన్‌ని పడగొట్టిన వరసలో అయిదు సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, కంటికి కనబడని ఒక విడదీత గుర్తు, చివర దీర్ఘం. ఆ కనబడని గుర్తు తెలుగు టైపు చేసేవాళ్లకు కొత్తది కాదు. ‘సాఫ్ట్‌వేర్’ రాసేటప్పుడు వ ఒత్తుగా మారకుండా ఆపేది అదే. మామూలుగా అది పొల్లు తర్వాత వస్తుంది. ఇక్కడ ఒత్తుకూ దీర్ఘానికీ మధ్య దూరింది. అక్షరాలను తెరమీద పేర్చే కోర్‌టెక్స్ట్ అనే భాగం ఆ వరస దగ్గర మెమరీని పాడుచేసుకునేది. బెంగాలీ, దేవనాగరి లిపుల్లోనూ ఇలాంటి వరసలు కొన్ని బయటపడ్డాయి.

మరి ఇది ముందే ఎందుకు దొరకలేదు? సాఫ్ట్‌వేర్ విడుదలకు ముందు చివరి వారాల్లో కొత్త సదుపాయాలు చేర్చడం ఆపేస్తారు. బగ్‌లు సరిచేయడమే పని. ఒకటి సరిచేస్తే ఇంకోటి చెడవచ్చు కాబట్టి పాత పరీక్షలన్నీ మళ్లీ నడుపుతారు. అయితే పరీక్షించేవాళ్లకు తట్టని వరస ఆ పరీక్షల్లో ఉండదు. 36 హల్లులు, వాటికి 36 ఒత్తులు, 13 గుణింతపు గుర్తులు తీసుకుంటే 16,848 కలయికలు. కనబడని గుర్తును కూడా చేరిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. వీటన్నిటినీ పుట్టించి, ప్రోగ్రామ్ కూలుతుందో లేదో చూడటం యంత్రానికి పెద్ద పని కాదు. ఒత్తు సరైన చోట పడిందా అన్నది మాత్రం ఆ లిపి చదివే మనిషే చెప్పాలి. అందుకే విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే బీటా వెర్షన్ నగరాల్లోని ఇంజనీర్ల చేతుల్లోనే తిరిగితే చాలదని నా గట్టి నమ్మకం. కర్ణాటక సరిహద్దు దగ్గరి నారాయణఖేడ్, మనూర్ వైపు తెలుగు పక్కనే కన్నడ, మరాఠీ, ఉర్దూ వినిపిస్తాయి. అలాంటి చోట ఫోన్ వాడేవాళ్లు పరీక్షకులైతే ఎన్ని లిపుల తప్పులు ముందే దొరుకుతాయో!

ఈ కథలో నాకు బాగా నచ్చేది మరమ్మతు జరిగిన తీరు. అప్పటికి బీటాలో ఉన్న 11.3లో ఈ బగ్ లేదు. అలాగని దాన్నే హడావిడిగా వదిలితే, ఇంకా పరీక్ష పూర్తికాని కొత్త సదుపాయాలు కూడా జనం ఫోన్లలోకి వెళ్లిపోయేవి. అందుకే పాత వెర్షన్‌కే దిద్దుబాటు జోడించి ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేశారు. 11.3 మార్చి చివర్లో వచ్చింది.

ప్రోగ్రామ్‌లను పరీక్షించడానికి ఇబ్బందిపెట్టే అక్షర వరసలను పోగుచేసిన ‘బిగ్ లిస్ట్ ఆఫ్ నాటీ స్ట్రింగ్స్’ అనే ఉచిత జాబితా ఒకటుంది. 2015లో ఐఫోన్లను కూల్చిన అరబిక్ మెసేజ్‌తోపాటు ఈ ‘జ్ఞా’ కూడా అందులో చేరింది.